ఏసీ గదిలో సీఓటూ సెన్సర్ లెక్క తప్పకుండా ఉండాలంటే

మాది బెజవాడ, రోహిణి కార్తె వచ్చిందంటే తలుపులు కిటికీలు బిగించి ఏసీలోనే పడుంటాం, పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుందని ఒక ఎంహెచ్-జెడ్19బి అనే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సెన్సర్ కొని ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి తగిలించా. మొదటివారం తెల్లారేసరికి 1800 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకి 1800 పాళ్ళు సీఓటూ) చూపించింది, నెల తిరిగేసరికి అదే గది, అదే నలుగురం, 1400 అంటుంది. గాలి బాగుపడిందని సంబరపడ్డా, తీరా చూస్తే సెన్సరే జారింది.

దీనికి కారణం ఏబీసీ అనే ఆటో కాలిబ్రేషన్, అంటే సెన్సర్ తన లెక్క తానే సర్దుకోవడం. సీఓటూ కొలవడానికి లోపలుండే చిన్న దీపం వాడేకొద్దీ నీరసపడుద్ది, దాన్ని సర్దడానికి 24 గంటల్లో వచ్చిన అతి తక్కువ రీడింగునే బయటగాలి, అంటే 400 అనుకుంటుంది. రాత్రి ఖాళీగా ఉండే ఆఫీసుకి ఇది బానే పనిచేస్తది. మన గదిలో వడగాలికి భయపడి కిటికీయే తీయం, అతి తక్కువే 700 ఉంటే దాన్నే 400 చేసేద్దామని రోజూ కాస్త కాస్త కిందకి లాగుద్ది. వేరే సెన్సర్లు చూస్తే, సెన్స్ఎయిర్ ఎస్8కి ఈ గడువు దాదాపు 8 రోజులు, ఎస్‌సీడీ41కి వారానికోసారైనా బయటగాలి తగలాలి, అయినా నెలంతా మూసిన గదిలో అన్నిటిదీ అదే కథ.

కాబట్టి ముందు ఏబీసీ ఆపెయ్యండి, కోడ్‌లో వాడే సెన్సర్ లైబ్రరీలో ఆటోకాలిబ్రేషన్ ఫాల్స్ అనిపెట్టి ఆ లైను సెటప్‌లోనే ఉంచండి, ఆన్ అయినప్పుడల్లా మళ్ళీ చెప్పినట్టుంటది.

ఆపాక దీపం సంగతి మీరే చూసుకోవాలి, రెండు మూడు నెలలకోసారి సెన్సర్‌ని డాబా మీదకి తీసుకెళ్ళండి. తెల్లవారుజామున వద్దు, గాలి కదలదు, చెట్లూ నేలా రాత్రంతా వదిలిన సీఓటూ కిందే నిలబడిపోద్ది. మధ్యాహ్నం గాలి వీచేటప్పుడు, నీడలో పెట్టండి, ఎండలో పెడితే సెన్సర్ వేడెక్కి రీడింగు తప్పుద్ది. బండ్ల రద్దీ ఉండే బెంజి సర్కిల్ పక్క డాబా అయితే కృష్ణ ఒడ్డుకి పోవడమే మేలు. పెట్టి దూరంగా జరగండి, మన ఊపిరిలో 40 వేల పీపీఎం దాకా ఉంటది, మా బుడ్డోడు వంగి చూశాడని ఒకసారి మొత్తం మళ్ళీ చేశా. 20 నిమిషాలు ఆగి సెన్సర్‌కుండే హెచ్‌డీ అనే కాలిబ్రేషన్ పిన్ను 7 సెకన్లకి పైనే గ్రౌండుకి కలపండి. ఇది 400కి సెట్ చేస్తది, నిజానికి ఇప్పుడు బయట 425 దాకా ఉంది, ఆ పాతిక కోడ్‌లో కలుపుకోవచ్చు. ఎస్‌సీడీ41కి అయితే 425 అనే నేరుగా చెప్పొచ్చు.

కలిపేముందు బయట ఎంత చూపించిందో తేదీతో రాసుకోండి, ఎంత జారిందో ఆ అంకే చెప్పుద్ది. 20, 30 తేడాకి బుర్ర పాడుచేసుకోకండి, 1500 దగ్గర దీని సొంత తప్పే వంద దాకా ఉంటది.

ఇంకోటి, సీసీఎస్811 లాంటివి ఈసీఓటూ అంటూ చవగ్గా దొరుకుతాయి, అవి సీఓటూ కొలవవు, వేరే ఆవిర్లు చూసి ఊహిస్తాయంతే, వంటింట్లో పోపు పెడితే చాలు వేలల్లోకి ఎగురుద్ది.