విశాఖ ఉక్కలో బట్టల డ్రైయరు: సంరక్షణ, చిన్న మరమ్మతులు

విశాఖపట్నంలో వానాకాలం మొదలైనప్పటి నుంచి తుపానుల కాలం ముగిసేదాకా బట్టలు ఆరవేసుకోవడం పెద్ద పనే. వాన వెలిసినా సముద్రపు గాలిలోని తేమ తగ్గదు. ఉదయం తీగ మీద వేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చేతికి చెమ్మగానే తగులుతుంది. అందుకే ఎం.వి.పి. కాలనీ మొదలు మధురవాడ దాకా అపార్ట్‌మెంట్లలో, వంటింటి వెనుక బాల్కనీ గోడకు బిగించిన డ్రైయర్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఇక్కడ చెప్పబోయేది వేడిగాలితో బట్టలు ఆరబెట్టే యంత్రం గురించే గాని, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో బట్టలు పిండే తొట్టి గురించి కాదు.

ఈ యంత్రం చేసే పని చాలా సులువైనది. గదిలోని గాలిని పీల్చుకుని, హీటరు మీదుగా పంపి, డ్రమ్ములో దొర్లుతున్న బట్టల గుండా నడిపించి, ఫిల్టరు దాటించి, గొట్టం ద్వారా బయటికి తోసేస్తుంది. 30 డిగ్రీల వద్ద 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిని 60 డిగ్రీలకు వేడి చేస్తే దాని ఆర్ద్రత సుమారు 17 శాతానికి పడిపోతుంది కనుక, ఇంత ఉక్కలోనూ ఆ గాలి బట్టల్లోని నీటిని పీల్చుకోగలుగుతుంది. అయితే పీల్చుకున్న తేమతో సహా ఆ గాలి ఇంటి నుంచి బయటికి పోవాలి. డ్రైయరు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం గాలి దారి పూడుకుపోవడం వల్ల వచ్చేవే కనుక, మెకానిక్కును పిలిచే ముందు ఆ దారిని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఫిల్టరు, గొట్టం

బట్టల నుంచి రాలే నూగు ఫిల్టరు మీద మెత్తటి పొరలా పేరుకుంటుంది. ప్రతి విడత అయ్యాక దాన్ని వేళ్లతో ఒలిచి తీసేయాలి. వారానికోసారి చేద్దామనుకోవడం సరికాదు. అలా తీసినా కంటికి కనబడని జిడ్డు పొర ఒకటి జాలీ మీద మిగిలిపోతుంది. బట్టలు మెత్తగా ఉండాలని ఉతికేటప్పుడు పోసే కండిషనరు వల్ల ఏర్పడే పొర అది. ఫిల్టరును కుళాయి కింద పట్టి చూడండి: నీరు జాలీ గుండా ధారగా దిగిపోతే సరే, జాలీ మీద బొట్లుబొట్లుగా నిలిచిపోతే గాలి కూడా అలాగే ఆగిపోతోందని అర్థం. గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, పాత టూత్ బ్రష్షుతో మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టాలి. తడి ఫిల్టరు పెడితే నూగు దానికి ముద్దలా అంటుకుంటుంది.

తరువాత గొట్టం. అది ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మేలు. ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం మడతల్లో నూగు చేరుతుంది, పైగా అది నిప్పు అంటుకునే వస్తువు. గట్టి లోహపు గొట్టం వేయించుకోవడానికి అయ్యే ఖర్చు దండగ కాదు. మూడు నెలలకోసారి దాన్ని విప్పి, లోపల పొడవాటి బ్రష్షు ఆడించాలి. గొట్టం బయటికి తెరుచుకునే చోట ఉండే రెక్క యంత్రం నడుస్తున్నప్పుడు లేస్తోందో లేదో చూడాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే వంటి తీరపు కాలనీల్లో ఉప్పు గాలికి ఆ రెక్క ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోవడం మామూలే. పావురాలు గూడు కడుతున్నాయనో, బల్లులు దూరుతున్నాయనో కొందరు ఆ రంధ్రానికి దోమల జాలీ బిగిస్తారు. ఇంతకంటే చెడ్డ ఉపాయం ఉండదు: కొద్ది వారాల్లోనే జాలీ వెనుక నూగు అట్టకట్టి దారి మూసుకుపోతుంది. పక్షుల బెడద ఉంటే పెద్ద కన్నాల తీగ వల చాలు. వంటింటి చిమ్నీ గొట్టంలో డ్రైయరు గొట్టాన్ని కలపడం కూడా తగదు. నూనె ఆవిరికి నూగు తోడైతే అది నిప్పుకు సిద్ధంగా పేర్చిన చితుకులే.

ఈ హెచ్చరిక అతిశయోక్తి కాదు. అమెరికాలో డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 ఇళ్లలో అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం లెక్కగట్టింది. కారణాల్లో మొదటి స్థానం శుభ్రం చేయకపోవడానిదే. మన ఇళ్లలో దీనికి తోడు నూనె గుడ్డలొకటి. నువ్వుల నూనెతో తలంటు పోసుకున్న రోజు తలకు చుట్టుకున్న తువ్వాలు, ఆవకాయ కలిపిన రోజు గట్టు తుడిచిన గుడ్డలు ఉతికినా వాటిలో కొంత నూనె మిగులుతుంది. వేడెక్కిన ఆ బట్టలను కుప్పగా వదిలేస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడి పుట్టించుకుంటూ రాజుకోగలదు. అలాంటివి ఎండకే వేయాలి. చివర్లో చల్లగాలి తిరిగే దశ వచ్చేది కూడా బట్టలను చల్లబరచడానికే కనుక, తొందరపడి మధ్యలో ఆపకూడదు. రబ్బరు అడుగున్న పట్టాలు, స్పాంజి దిండ్లు, జరీ పట్టుచీరలు డ్రైయరుకు పనికిరావు.

గాలిలోని తేమను బయటికి తోయకుండా లోపలే చల్లార్చి నీరుగా పట్టే, గొట్టం లేని కండెన్సర్ రకమైతే ప్రతిసారీ నీటి తొట్టె వంచేయాలి, నెలకోసారి కండెన్సరును బయటికి తీసి కుళాయి కింద కడగాలి. హీటరుకు బదులు ఫ్రిజ్‌లోలా కంప్రెసర్‌తో పనిచేసే హీట్ పంప్ రకంలో దాన్ని బయటికి తీయడం సాధారణంగా కుదరదు. పలుచటి రేకులు వంగకుండా మెత్తటి బ్రష్షుతో దులపాలి. ఈ రెండింటినీ కిటికీలు మూసిన ఇరుకు గదిలో పెడితే గది వేడెక్కి, ఆరే సమయం పెరుగుతుంది.

కరెంటు సంగతి

2,000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 యాంపులు లాగుతుంది. కాబట్టి 16 యాంపుల పవర్ ప్లగ్గు, దానికి విడిగా ఎం.సి.బి. (లోడు మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఊసే వద్దు. అరగంట నడిచాక యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి చూడండి. పిన్నులు చేతికి బాగా వేడిగా తగిలినా, వాటి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా పట్టు వదులైందన్నమాట. తీరానికి దగ్గరి ఇళ్లలో ఇత్తడి పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ప్లగ్గు, సాకెట్టు రెండూ మార్పించడమే దానికి విరుగుడు. వోల్టేజి 200కు పడిపోతే హీటరు వేడి నాలుగో వంతు తగ్గుతుంది కనుక, సాయంత్రం పూట మాత్రమే బట్టలు ఆలస్యంగా ఆరుతుంటే తప్పు యంత్రానిది కాకపోవచ్చు.

మొరాయించినప్పుడు

యంత్రం అసలు కదలకపోతే ముందు ఎం.సి.బి., చైల్డ్ లాక్ చూడాలి. తలుపు మూసినప్పుడు టిక్కుమని చప్పుడు రాకపోతే తలుపు స్విచ్చు చెడిపోయి ఉండవచ్చు. మోటారు మూలుగుతున్నా డ్రమ్ము తిరగకపోతే, ప్లగ్గు తీసి డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. ఏ పట్టూ లేకుండా తేలిగ్గా తిరిగిందంటే బెల్టు తెగినట్టే. దడదడమనే చప్పుడుకు ఒక్కోసారి జేబులో మరచిన నాణెమే కారణం. కీచుమనే శబ్దమైతే డ్రమ్మును మోసే చక్రాలు అరిగి ఉంటాయి.

బట్టలు చెమ్మగా ఉండగానే యంత్రం పని ముగించేస్తుంటే సెన్సరును అనుమానించాలి. డ్రమ్ము లోపల, సాధారణంగా తలుపు దగ్గర, రెండు సన్నని లోహపు పట్టీలు ఉంటాయి. తడి బట్ట రెండింటినీ తాకినప్పుడు వాటి మధ్య స్వల్పమైన కరెంటు ప్రవహిస్తుంది, దాన్నిబట్టే యంత్రం తడిని గుర్తిస్తుంది. కండిషనరు జిడ్డు వాటి మీద పడితే ఆ కరెంటు పారదు, బట్టలు ఆరిపోయాయని యంత్రం పొరబడుతుంది. వెనిగర్‌లో ముంచిన దూదితో ఆ పట్టీలను తుడిస్తే చాలు.

వేడి ఉన్నా గంటల తరబడి ఆరకపోవడానికి గాలి దారి తరువాతి కారణం, సరిగ్గా పిండని బట్టలు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికే సుమారు 0.65 యూనిట్ల కరెంటు కావాలి. 5 కిలోల నూలు బట్టలు పిండిన తరువాత కూడా దాదాపు 3 లీటర్ల నీటిని పట్టి ఉంచుతాయి, అంటే ఎంత మంచి హీటరు యంత్రమైనా రెండు యూనిట్లు తినక తప్పదు. వాషింగ్ మెషీన్‌లో ఇంకోసారి స్పిన్ పెట్టడానికి అయ్యే కరెంటు దీని ముందు లెక్కలోకి రాదు.

డ్రమ్ము తిరుగుతూ వేడి మాత్రం రాకపోతే, ముందు చల్లగాలి సెట్టింగులో లేదని నిర్ధారించుకోండి. తరువాత అనుమానించవలసింది హీటరు కాయిలును, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజును. మల్టీమీటరు వాడటం తెలిసినవారు ప్లగ్గు తీసేసి, హీటరు వైర్లు విడదీసి కొలవవచ్చు: 2,000 వాట్ల కాయిలు సుమారు 26 ఓములు చూపాలి, ఏమీ చూపకపోతే కాయిలు తెగినట్టు. తెలియనివారు వెనుక మూత విప్పకపోవడమే మంచిది. యంత్రం నడుస్తుండగా కరెంటు పోతే తలుపు తెరిచి బట్టలు తీసి పరచాలి. గాలి ఆగిపోయి వేడి లోపలే చిక్కుకుంటే థర్మల్ ఫ్యూజు పోయే అవకాశం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయాల్లో ప్లగ్గు తీసి ఉంచి, సరఫరా నిలకడగా వచ్చాకే పెట్టాలి. వాననీరు లోపలికి వెళ్లిన యంత్రాన్ని మెకానిక్కు విప్పి చూసేదాకా ఆన్ చేయకూడదు.

థర్మల్ ఫ్యూజు పోయిందని తేలితే, దాని స్థానంలో తీగ ముక్క కలిపి నడిపిస్తానని చెప్పే మెకానిక్కును అక్కడే ఆపండి. మితిమీరిన వేడిని పసిగట్టి హీటరును ఆపే చివరి కాపలా అదే. ఫ్యూజు ఖరీదు తక్కువే గాని, అది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది వేస్తే అదీ నిలవదు. కొత్తది బిగించిన రోజే గొట్టం విప్పించి, రెక్క వరకు శుభ్రం చేయించి, యంత్రం నడుస్తుండగా బయట చెయ్యి పెట్టి గాలి గట్టిగా తగులుతోందో లేదో చూసుకున్నాకే మెకానిక్కుకు డబ్బు చెల్లించండి.