సెలవుల సీజన్‌కు ఆరు వారాల ముందే: హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల విషయంలో జాగ్రత్తలు

వరుస సెలవులు, దూర ప్రయాణాలు, పెద్ద వేడుకలు దగ్గరపడితే కొత్త పరిచయాలూ పెరుగుతాయి. గే, బైసెక్సువల్ పురుషుల్లో, ట్రాన్స్ మహిళల్లో చాలామంది ఈ రోజుల కోసం చేసుకునే ఏర్పాటు బయల్దేరేటప్పుడు బ్యాగులో నాలుగు కండోమ్‌లు వేసుకోవడంతో సరి. కండోమ్ ఉండాల్సిందే. కానీ టీకా పనిచేయడానికి వారాలు పడుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష నిన్నటి సంగతి చెప్పలేదు. హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్ర మొదలుపెట్టాలంటే ముందు రక్తపరీక్షలు కావాలి. ఇవేవీ ముందురోజు రాత్రి తెమిలే పనులు కావు. అందుకే క్యాలెండర్‌లో ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టి అక్కడ మొదలుపెట్టండి.

ముందు టీకాలు

ఎంపాక్స్ (మంకీపాక్స్) టీకా రెండు డోసుల మధ్య 28 రోజుల ఎడం ఉండాలి. రెండో డోసు పడ్డాక పూర్తి రక్షణ రావడానికి మరో 14 రోజులు పడుతుంది. ఆరు వారాల లెక్క అక్కడిదే. హెపటైటిస్ బి టీకా సాధారణంగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఈ సీజన్‌కు పూర్తి కాకపోయినా మొదలుపెట్టాలి, మిగతా డోసులు వదలకుండా వేయించుకోవాలి. హెపటైటిస్ ఎ, హెచ్‌పీవీ టీకాల గురించి అదే రోజు అడగండి. హెచ్‌పీవీ టీకా స్త్రీలకే అనుకోవద్దు. మలద్వార క్యాన్సర్లలో అత్యధికం హెచ్‌పీవీ వల్లే వస్తాయి. హెపటైటిస్ సి కి టీకా లేదు, దాని నుంచి జాగ్రత్త ఒక్కటే మార్గం.

మూడు చోట్ల పరీక్ష

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. గనేరియా, క్లామిడియా గొంతులోనూ మలద్వారంలోనూ ఉండి కూడా చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. మూత్రం ఒక్కటే పరీక్షిస్తే ఇవి దొరకవు. రిపోర్టు నెగెటివ్ వస్తుంది, మనిషి ధీమాగా తిరుగుతాడు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. మూత్రం, గొంతు స్వాబ్, మలద్వార స్వాబ్ మూడూ నాట్ పద్ధతిలో (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించాలి. స్వాబ్ ఎలా తీయాలో చెబితే ఎవరికి వారే తీసుకోవచ్చు, ఫలితంలో పెద్ద తేడా రాదు.

డాక్టరు తనంతట తాను ఈ పరీక్షలు రాయకపోవచ్చు. "నాకు పురుషులతో సంబంధాలున్నాయి. నోటి ద్వారా, మలద్వారం ద్వారా కూడా. మూడు చోట్లా శాంపిల్ తీయండి" అని సూటిగా చెప్పండి. ఈ మాట విని ముఖం మార్చే డాక్టరు దగ్గర ఓపిక పట్టాల్సిన అవసరం లేదు, మరొకరి దగ్గరికి వెళ్లండి. సగం చెప్పి సగం దాచుకుని చేయించుకున్న పరీక్షకు విలువ ఉండదు.

హెచ్‌ఐవీకి విండో పీరియడ్ ఉంది, అంటే సోకాక కొన్నాళ్లు పరీక్షలో కనిపించదు. సిర నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం ల్యాబ్ పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. వేలి నుంచి చుక్క తీసి చేసే రాపిడ్ పరీక్షలకు 90 రోజుల దాకా పట్టవచ్చు. సిఫిలిస్‌కు గతంలో చికిత్స అయినవాళ్లు పాత ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లాలి. టీపీహెచ్ఏ వంటి పరీక్ష చికిత్స తర్వాత కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది, దాన్ని చూసి మళ్లీ సోకిందని చెప్పలేం. చూడాల్సింది టైటర్, అంటే ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ రిపోర్టులో రాసే యాంటీబాడీల స్థాయి. 1:2 ఉన్నది 1:8 అయితే నాలుగింతలు పెరిగినట్టు, అంటే మళ్లీ సోకి ఉండవచ్చు.

ప్రెప్: మాత్ర కంటే టైం ముఖ్యం

టెనోఫోవిర్ 300 మి.గ్రా., ఎమ్‌ట్రిసిటబిన్ 200 మి.గ్రా. కలిసిన మాత్ర ఇది. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపేది) పరీక్షలు చేయించాలి. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. హెచ్‌ఐవీ అప్పటికే ఉంటే ఈ రెండు మందులు దాన్ని పూర్తిగా అణచలేవు, పైగా వైరస్ మందులకు లొంగకుండా తయారవుతుంది. గత నెలలో జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, గ్రంథుల వాపు కలిసి వచ్చి ఉంటే, పరీక్ష నెగెటివ్ అయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఈ మాత్ర వేసుకుని ఉన్నట్టుండి మానేస్తే కాలేయం వాచిపోయే ప్రమాదం ఉంది. క్రియాటినిన్ క్లియరెన్స్ 60 కంటే తక్కువైతే ఈ మాత్ర కాకుండా వేరే మార్గం చూడాలి.

రోజుకొకటి వేసుకోవడం ఒక పద్ధతి. అవసరమైనప్పుడు వేసుకునే 2-1-1 పద్ధతి ఇంకొకటి. కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు ఒకేసారి, ఆ డోసుకు 24 గంటల తర్వాత ఒకటి, 48 గంటల తర్వాత మరొకటి. శుక్రవారం సాయంత్రం 6కి రెండు వేసుకున్నారనుకోండి. ఆ రాత్రి ఒక్కసారే కలయిక జరిగితే శని, ఆదివారాలు సాయంత్రం 6కి ఒక్కోటి వేసుకుని ఆపవచ్చు. శనివారం రాత్రి కూడా జరిగితే సోమవారం మాత్ర కూడా వేసుకోవాలి. ఆఖరి కలయిక తర్వాత రెండు రోజుల డోసులు కడుపులో పడాలన్నది గుర్తుంచుకోవాల్సిన సూత్రం. చాలామంది ముందు రెండు మాత్రలు శ్రద్ధగా వేసుకుంటారు, తర్వాతి రెండూ ప్రయాణపు అలసటలో మర్చిపోతారు. ఫోన్‌లో అలారం ముందే పెట్టుకోండి.

ఈ 2-1-1 అందరికీ కాదు. ఈస్ట్రోజెన్ హార్మోన్లు వాడే ట్రాన్స్ మహిళలు, తమ యోని ద్వారా కలయిక ఉన్నవాళ్లు, హెపటైటిస్ బి ఉన్నవాళ్లు దీని మీద ఆధారపడకూడదు. ప్రెప్ వాడితే హార్మోన్ల ఫలితం తగ్గుతుందన్న భయంతో కొందరు ట్రాన్స్ మహిళలు మాత్ర మానేస్తుంటారు. అలా తగ్గదు. వాళ్లు రోజువారీ మాత్ర తప్పకుండా వాడితే రక్షణ బాగా ఉంటుంది. మాత్రలు గుర్తుండనివాళ్లకు రెండు నెలలకోసారి ఇచ్చే క్యాబోటెగ్రావిర్, ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్లు వచ్చాయి. లెనకాపవిర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జులైలో సిఫారసు చేసింది.

విమానంలో వెళ్తుంటే మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వద్దు. నాలుగైదు రోజులకు సరిపడా ఎక్కువ ఉంచుకోండి.

కండోమ్, జెల్

ప్రెప్ హెచ్‌ఐవీని ఆపుతుంది, సిఫిలిస్‌నీ గనేరియానీ ఆపదు. కాబట్టి కండోమ్ పక్కన పెట్టేది కాదు. కొబ్బరినూనె, వ్యాజిలిన్, బాడీ లోషన్ వంటివి లేటెక్స్‌ను నిమిషాల్లోనే బలహీనపరుస్తాయి. నీటి జెల్ గానీ సిలికాన్ జెల్ గానీ వాడాలి, అదీ ధారాళంగా. మలద్వారంలో సహజంగా జిగురు ఊరదు, జెల్ తక్కువైతే రాపిడికి కండోమ్ చినుగుతుంది, లోపలి పొరా గీసుకుపోతుంది. నీటి జెల్ ఆరిపోయే కొద్దీ మళ్లీ రాయాలి. నోనాక్సినాల్-9 కలిసిన జెల్ కొనకండి, అది ఆ పొరను దెబ్బతీసి హెచ్‌ఐవీ ముప్పును పెంచుతుంది. తిమ్మిరి తెప్పించే క్రీములూ వద్దు, గాయమవుతున్నా తెలియదు.

పర్సులో, ఎండలో నిలిపిన కారులో పెట్టిన కండోమ్‌ను నమ్మకండి. పళ్లతో చించకండి. ఒకదానిమీద ఒకటి రెండు తొడిగితే రక్షణ రెట్టింపు కాదు. ఎక్కువసేపు సాగితే అరగంటకోసారి మార్చండి, మనిషి మారితే కండోమ్ మారాలి. ఒకే జెల్ డబ్బాలో అందరూ చేతులు ముంచడం వల్ల కూడా జబ్బులు పాకుతాయి. ముందుగా మలద్వారం లోపల శుభ్రం చేసుకునేవాళ్లు గోరువెచ్చని మంచినీళ్లు కొద్దిగా వాడితే చాలు. సబ్బునీళ్లు, పదేపదే కడగడం లోపలి పొరకు హాని చేస్తాయి.

మత్తు, సూదులు

పాపర్స్ (పీల్చే నైట్రైట్ మత్తు), సిల్డెనాఫిల్ (వయాగ్రా) రెండూ ఒకే రాత్రి ఒంట్లో ఉండకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. జీహెచ్‌బీ అనే మత్తుమందుతో మద్యం కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ ఉన్న మందులు (కొన్ని హెచ్‌ఐవీ మందుల్లో ఇవి ఉంటాయి) వాడేవాళ్ల రక్తంలో సిల్డెనాఫిల్ మామూలుకంటే చాలా ఎక్కువ పేరుకుంటుంది, డోసు డాక్టరునే అడగాలి. సూది ఎవరిది వారికే, హార్మోన్ ఇంజెక్షన్ సూది కూడా అంతే. ముక్కుతో పీల్చే గొట్టాన్ని పంచుకున్నా హెపటైటిస్ సి సోకవచ్చు.

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లకు

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందులు) సక్రమంగా వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ పరిమాణం) గుర్తించలేని స్థాయిలో నిలకడగా ఉంటే లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ ఇతరులకు సోకదు. పార్టనర్ వంటి పెద్ద అధ్యయనాల్లో అలాంటి జంటల మధ్య ఒక్క కేసూ బయటపడలేదు. సీజన్‌కు ముందు ఒకసారి వైరల్ లోడ్ చూపించుకోండి. మిగతా సుఖవ్యాధుల పరీక్షలు మీకూ అవసరమే.

అనుకోనిది జరిగితే

కండోమ్ చినిగి, ప్రెప్ కూడా వాడకపోతే పెప్ ఉంది, అంటే ముప్పు ఎదురయ్యాక హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు. 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. 72 గంటల గడువు ఉంది కదా అని ఆగకండి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. సెలవురోజు అర్ధరాత్రి అది ఎక్కడ దొరుకుతుందో వెళ్లే ఊరికి సంబంధించి ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి. చినిగిన వెంటనే లోపల కడగకండి. బలవంతం జరిగినా ఇదే చికిత్స ఉంటుంది, అడగడానికి సంకోచించవద్దు.

సిఫిలిస్, క్లామిడియా సోకకుండా కలయిక తర్వాత వేసుకునే డాక్సీపెప్ ఉంది. కలయిక తర్వాత 72 గంటల లోపు డాక్సీసైక్లిన్ 200 మి.గ్రా., 24 గంటల్లో అంతకు మించి వద్దు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. గనేరియా మీద దీని ప్రభావం నమ్మదగినంత లేదు. డాక్టరు రాస్తేనే వాడండి.

తిరిగి వచ్చాక

రెండు వారాలకు మూడు చోట్లా గనేరియా, క్లామిడియా పరీక్ష, 45 రోజులకు హెచ్‌ఐవీ, మూడు నెలలకు సిఫిలిస్ మరోసారి. సిఫిలిస్ పుండు సగటున మూడు వారాలకు, ఒక్కోసారి 90 రోజులకు బయటపడుతుంది. నొప్పి ఉండదు. మందు లేకుండానే 3 నుంచి 6 వారాల్లో మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. మానింది కదా అని పరీక్ష మానేయకండి. పెన్సిలిన్ ఇంజెక్షన్ తర్వాత 24 గంటల్లో జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు రావడం మామూలే. దాన్ని అలర్జీ అనుకుని కంగారుపడకండి. కానీ ఊపిరాడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

గనేరియా లేదా క్లామిడియా తేలితే గత 60 రోజుల్లో కలిసినవాళ్లందరికీ కబురు చేయాలి. వాళ్లకూ చికిత్స కాకపోతే మళ్లీ మీకే సోకుతుంది. పేరు చెప్పడం ఇబ్బందైతే క్లినిక్‌వాళ్లే మీ పేరు లేకుండా తెలియజేస్తారేమో అడగండి. చికిత్స అయ్యాక ఏడు రోజులు కలయిక వద్దు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి.