రెయిన్ జాకెట్ తిరగేసి కుట్లు చూశాకే కొనండి

పోయిన ఆదివారం కొండపల్లి కోట నుంచి దిగుతుండగా వాన అందుకుంది. గంటసేపు వదల్లేదు. మాతో వచ్చిన కుర్రాడికి కొత్త జాకెట్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. కిందికి వచ్చాక లోపలి చొక్కా పిండితే నీళ్లు కారాయి. ఆ తడితోనే ఎదురుగాలిలో బండి నడిపాడు. ఇబ్రహీంపట్నం దగ్గర వేళ్లు కొంకర్లుపోయి, బ్రేకు పట్టలేక పడ్డాడు. మణికట్టు విరిగింది.

ఆ జాకెట్ తిరగేసి చూశాను. బట్ట మంచిదే. కుట్ల మీద టేపు లేదు.

ఏళ్లుగా చూస్తున్న తప్పు ఇదే. సూది దిగిన ప్రతిచోటా ఓ కన్నం పడుతుంది. లోపలివైపు ఆ కుట్ల వెంట వేడితో అతికించిన సన్నటి పట్టీ ఉండాలి. లేకపోతే ఎన్ని వేలు పెట్టి కొన్నా నీళ్లు దిగుతాయి. కొన్నిటికి భుజాలకు, హుడ్‌కు మాత్రమే టేపు వేసి వదిలేస్తారు. చంకల కింద, జేబుల దగ్గర కూడా వేలితో తడిమి చూడండి. చీటీ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే అది బస్టాపులోకి పరిగెత్తేలోపు పడే చినుకులకే పనికొస్తుంది. ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నా సరే, తిరగేసి కుట్లు చూడండి.

బట్ట ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో చెప్పే మిలీమీటర్ల లెక్క ఆ తర్వాతే. 10,000 అంటే పది మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని బట్ట ఆపుతుందని. వీపున బ్యాగు వేసుకుంటే పట్టీల నొక్కుడుకే తడి లోపలికి దిగుతుంది కాబట్టి అంతకు తక్కువది నేను తీసుకోమనను. బరువు 300 గ్రాముల లోపు దొరుకుతుంది. మరీ పల్చనిది కొండ మీద ముళ్లకు చిరుగుతుంది.

చంకల కింద జిప్పులు ఉన్నదే తీసుకోండి. గాలి ఆడే బట్ట అని ఎంత చెప్పినా, మన బెజవాడ ఉక్కపోతలో చెమట బయటికి పోదు. ఒళ్లంతా జిగటగా తడిస్తే అది చెమట. భుజాల మీద, కుట్ల వెంట గీతల్లా తడిస్తే జాకెట్ కారుతున్నట్టు.

బ్యాగు వేసుకునే షాపుకి వెళ్లండి, సైజు తెలుస్తుంది. హుడ్ తాడు బిగించి తల అటూ ఇటూ తిప్పండి, కళ్లకు అడ్డం రాకూడదు. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు వేసి ఉతకకండి. తడి జాకెట్‌ను స్కూటర్ డిక్కీలో మడిచి పెట్టకండి, ఆ వేడికి లోపలి పూత జిగురై పొరలుగా ఊడుతుంది. పాత జాకెట్‌ను కూడా ఈ వానలకు ముందు ఒకసారి తిరగేయండి, టేపు లేచిందేమో చూడండి. ఉరుములు వినిపిస్తే కోట ఎక్కకండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి. కొండ అంచు కింద తలదాచుకోకండి, 2024 ఆగస్టు 31న బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీదే పడ్డాయి. పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లండి. వణుకు పుడితే బండి ఎక్కకండి. చొక్కా మార్చుకుని, వేడి టీ తాగి, వేళ్లు మామూలుగా కదిలాకే తాళం తిప్పండి.