డీవీడీ డ్రైవ్ స్థానంలో హార్డ్ డిస్క్

లాప్‌టాప్‌లో చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజీ) వేస్తే వేగం వస్తుంది కానీ ఫొటోలకు, వీడియోలకు చోటు చాలదు. డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, ఆ స్థానంలో క్యాడీలో (డ్రైవ్ చోట ఇమిడే చట్రం) పాత హార్డ్ డిస్క్ పెట్టండి. హార్డ్ డిస్క్ అసలు ఉన్న చోట 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ బిగించండి. క్యాడీ కొనేముందు డీవీడీ డ్రైవ్ మందం తప్పకుండా కొలవండి: సాధారణంగా 9.5 లేదా 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది, తేడా వస్తే పట్టదు.

ముఖ్యంగా, ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఎక్కించేటప్పుడు హార్డ్ డిస్క్‌ను బయటే ఉంచండి. లేదంటే విండోస్‌ను మొదలుపెట్టే బూట్ ఫైళ్లు ఒక్కోసారి అందులోకి వెళ్లిపోతాయి. తర్వాత వీడియోస్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కు వెళ్లి, మూవ్ నొక్కి హార్డ్ డిస్క్‌కు మార్చుకోవచ్చు.

డీవీడీ డ్రైవ్ లేని పలుచటి మోడళ్లలో ఇది కుదరదు.