బంపర్ కొత్తదే, షేడ్ కలిసిందా?

"అన్నా, తెల్ల బండేగా! తెల్ల పెయింట్ కొట్టేస్తే అయిపోదా?" మా షెడ్డుకి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో బంపర్లకి రంగు కొట్టుకుని బతికే నాలాంటి పెయింటర్‌కి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ తెలుపే. మారుతి బండ్లే తీసుకోండి. సుపీరియర్ వైట్, కోడ్ 26యు, మెరుపు కలవని మామూలు సాలిడ్ తెలుపు. పెర్ల్ ఆర్కిటిక్ వైట్, కోడ్ జెడ్‌హెచ్‌జె, ఎండ పడితే లోపల్నుంచి మెరుస్తుంది. విడిగా చూస్తే రెండూ తెలుపే. ఒకదాని ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) పక్కన రెండోదాని బంపర్ బిగించారా, రోడ్డు అవతల్నుంచే తెలిసిపోతుంది.

మొదట బంపర్ సంగతి. కొత్త బంపర్ మూడు రకాలుగా దొరుకుతుంది: కలర్ వేసి ఉన్నది, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) మీద ఉన్నది, ఉత్త నల్ల ప్లాస్టిక్. బేస్ వేరియంట్ బండ్లకి వచ్చే గరుకు నల్ల బంపర్‌ని రంగు వేయడానికి తేవద్దు. ఎంత రుద్దినా ఆ గరుకు రంగు కింద కనిపిస్తూనే ఉంటుంది. నున్నటిదే కొనండి. పాత సామాను కొట్లో అదే మోడల్, అదే రంగు బంపర్ దొరికిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. అది ఎవరి బండిదో, ఎన్నేళ్లు ఎండలో నిలబడిందో మనకేం తెలుసు? కలర్ కలుస్తుందన్న ఆశతో మాత్రం కొనకండి. ఎలాగూ మళ్లీ కొట్టాల్సిందే.

ఇన్సూరెన్స్‌లో పెడుతుంటే ఒక లెక్క చూసుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగుదల కోసేస్తారు. పెయింటింగ్‌లోనూ మెటీరియల్ ఖర్చు మీద 50 శాతం కోత ఉంటుంది. పెయింటింగ్ బిల్లు మొత్తం కలిపి రాస్తే అందులో 25 శాతాన్ని మెటీరియల్ కింద లెక్కేస్తారు. తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకున్నవాళ్లకి ఈ బెంగ లేదు.

ఇక కలర్ కోడ్. మారుతి బండ్లలో బానెట్ ఎత్తితే లోపలి ప్లేట్ మీద, హోండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే ఆ పక్క స్టిక్కర్ మీద, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో డిక్కీలో స్టెప్నీ ఉండే గుంటలో వెతకండి. ఆర్‌సీలో "సిల్వర్" అని రాసి ఉంటుంది, అది మాకు పనికిరాదు. సిల్కీ సిల్వర్ జెడ్2ఎస్ అని చెప్తేనే మిక్సింగ్ వాడు కంప్యూటర్‌లో ఫార్ములా తీయగలడు.

కోడ్ దొరికితే పనైపోయినట్టు కాదు. ఒకే కోడ్‌కి లేత, ముదురు, కాస్త నీలం వైపు, కాస్త పసుపు వైపు అని నాలుగైదు ఫార్ములాలు ఉంటాయి. ఫ్యాక్టరీలో బాడీ ఇనుము కాబట్టి 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ప్లాస్టిక్ ఆ వేడికి ఆగదు కాబట్టి బంపర్ చాలావరకు వేరే చోట, తక్కువ వేడిలో తయారవుతుంది. షోరూమ్ నుంచి వచ్చిన కొత్త బండిలోనే బంపర్‌కీ ఫెండర్‌కీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. దానిపైన మన బెజవాడ ఎండ. ఎర్ర సాలిడ్ రంగైతే నాలుగేళ్లకే వెలిసిపోతుంది. అందుకే నేను కోడ్‌కి కాదు, బండికి కలుపుతాను.

ఎలాగంటే, ముందు ఫెండర్‌ని, బానెట్ అంచుని శుభ్రంగా కడిగి పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దుతాను. పైన మట్టీ, వెలిసిన పొరా ఉండగా చూసి కలిపితే, తర్వాత పాలిష్ చేసినప్పుడు తేడా బయటపడుతుంది. ఆపైన అరచేయంత రేకు ముక్క మీద నమూనా కొడతాను. బంపర్‌కి వాడబోయే గన్‌తోనే, అదే ప్రెషర్‌తో, అదే థిన్నర్‌తో. మెరుపు రేణువులుండే మెటాలిక్ రంగులో గాలి ఎక్కువై రంగు పొడిగా పడితే లేతగా తేలిపోతుంది, తడిగా పడితే ముదురుతుంది. ఒకే డబ్బాలో రంగు, ఇద్దరు పెయింటర్లు కొడితే రెండు షేడ్‌లు వస్తాయి. రంగు ఆరాక నమూనా మీద క్లియర్ (రంగు లేని పై మెరుపు పూత) కూడా వేయాల్సిందే. క్లియర్ లేని బేస్, అంటే కింది రంగు పొర, పాలిపోయి కనిపిస్తుంది, దాన్ని చూసి నిర్ణయానికి రాకూడదు.

ఆ ముక్కని ఫెండర్‌కి ఆనించి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద కలిసింది బయట కలవకపోవచ్చు. ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత పక్కకి వంగి ఏటవాలుగా చూడండి. సిల్వర్‌లో ఎదురుగా బాగా కలిసి, పక్కనుంచి నల్లబడడం మామూలే. అప్పుడు నేను చుక్క తెలుపు కలుపుతాను. పక్క చూపు తేలుతుంది, కానీ ఎదురు చూపు కాస్త మందగిస్తుంది, కాబట్టి చుక్క అంటే చుక్కే. ముత్యపు తెలుపు మూడు పొరలదైతే ఇంకో తిరకాసు. కింద తెలుపు, మధ్యలో పెర్ల్, పైన క్లియర్. మధ్య పొర ఎన్ని కోట్లు పడితే షేడ్ అంత మారుతుంది. రేకుని టేపుతో భాగాలు చేసి ఒక కోటు, రెండు, మూడు, నాలుగు వేసి చూసుకుంటే ఏది కలిసిందో అక్కడే తేలిపోతుంది. "టైం లేదు" అని నమూనా కొట్టకుండా బంపర్ ఎక్కే పెయింటర్ దగ్గర బండి పెట్టకండి.

కింద పని గట్టిగా లేకపోతే ఎంత షేడ్ కలిపినా దండగే. బంపర్ లోపలి వైపు పీపీ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం అనో ప్లాస్టిక్ రకం అచ్చు వేసి ఉంటుంది. దాని మీద రంగు ఊరికే పట్టదు. రంగు లేని కొత్త బంపర్‌ని సబ్బు నీళ్లతో కడగాలి, అచ్చులోంచి ఊడేందుకు పూసిన జిడ్డు ఉంటుంది. తర్వాత బూడిద రంగు స్కాచ్ ప్యాడ్‌తో మూలమూలా రుద్ది నీళ్లు పోయండి. నీళ్లు పరుచుకుంటే సరే, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డుందని. ఆరాక ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా ఒక కోటు. ఇది మానేసి కొట్టిన బంపర్ వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ తగలగానే ఉల్లిపొట్టులా లేచిపోతుంది. ఆపైన గీతలు పూడ్చి నున్నగా చేసే సర్ఫేసర్, 800 నంబర్ వాటర్ పేపర్, బేస్, క్లియర్.

రంగు కొట్టేటప్పుడు బంపర్‌ని నేల మీద పడుకోబెట్టకుండా స్టాండ్ మీద బండికి ఉన్న తీరుగానే నిలబెట్టాలి. మెటాలిక్ రేణువులు పడుకునే తీరు మారితే షేడ్ మారుతుంది. క్లియర్ ఆరబెట్టేటప్పుడు వేడి 60 డిగ్రీలు దాటనివ్వద్దు, బంపర్ వంగిపోతుంది. వేసవిలో స్లో థిన్నర్ వాడకపోతే క్లియర్ పరుచుకోకముందే ఆరి నారింజ తొక్కలా గరుకుగా నిలుస్తుంది. ఇంకొకటి, క్లియర్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం. ముక్కుకి చేతి రుమాలు కట్టుకుని కొట్టే కుర్రాళ్లని రోజూ చూస్తుంటాను, తిడుతూనే ఉంటాను. బయటి గాలి అందించే మాస్కే వాడాలి.

షేడ్ ఎంతకీ కలవకపోతే కొత్త రంగుని పక్క ఫెండర్ మీదికీ పల్చగా పాకించి తేడా తెలియకుండా బ్లెండ్ చేద్దామంటారు కొందరు. నేనైతే సిల్వర్, మూడు పొరల పెర్ల్ తప్ప మిగతా రంగులకి కంపెనీ పెయింట్ ముట్టుకోను.

బంపర్ వెనక రాడార్ ఉన్న బండి అయితే పని మొదలుపెట్టక ముందే కంపెనీ మాన్యువల్ చూడమనండి. రాడార్ ఎదురుగా లప్పం పెట్టకూడదు, రంగు మందం పెరిగినా దాని చూపు దెబ్బతింటుంది. పార్కింగ్ సెన్సర్ల మీదా పల్చటి కోటే పడాలి. బండి తీసుకెళ్లాక నెల రోజులు వ్యాక్స్ జోలికి పోవద్దు, ప్రెషర్ వాష్ కూడా ఆపండి. మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడుక్కుంటే చాలు.