ఆర్థో-కె లెన్సులు పొద్దున్నే ఎలా తీయాలి?

మైనస్ సైటు ఉన్నవాళ్లు రాత్రి పెట్టుకుని పడుకుని, పొద్దున్న తీసేసే గట్టి లెన్సులు ఇవి. నిద్రలో ఉండగా కార్నియా (నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పారదర్శక పొర) పైపొరను మధ్యలో కాస్త పలచబరిచి చదును చేస్తాయి. దాంతో పగలంతా కళ్లజోడు లేకుండా గడిచిపోతుంది. వాడటం మానేస్తే సైటు మళ్లీ మొదటికొస్తుంది. కొత్తవాళ్లంతా పెట్టుకోవడానికే భయపడతారు కానీ, నేను చూసినంతవరకు కంటికి గీతలు పడేది తీసేటప్పుడే.

సామాన్లు: డాక్టరు రాసిన సొల్యూషన్, ప్రిజర్వేటివ్ లేని కంటిచుక్కలు, అద్దం, లెన్సు తీసే రబ్బరు సక్షన్ కప్పు. అంతే.

పెట్టుకోవడం తేలికే. సబ్బుతో చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకోండి. అద్దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, లెన్సు గుంటలో చుక్కలు నిండుగా వేసి, ముఖం నేలకేసి వంచి పెట్టుకోండి. గోడ అద్దం ముందు నిలబడితే చుక్కలు ఒలికిపోయి లెన్సు కింద గాలి బుడగ చేరుతుంది. బుడగ కనిపిస్తే తీసి మళ్లీ పెట్టాల్సిందే. ఎప్పుడూ కుడి కన్నే ముందు. రోజుకో కన్నుతో మొదలుపెట్టేవాళ్లే కుడిది ఎడమకంట్లో పెట్టుకుని, పొద్దున్నే చూపు మసకగా ఉందని గాబరా పడతారు.

ఇక అసలు సంగతి. రాత్రంతా రెప్ప మూసి ఉండటంతో లెన్సు కింద నీరు తగ్గి, పొద్దున్నకి లెన్సు కార్నియాకి అతుక్కుని ఉంటుంది. లేవగానే బస్సు టైమైపోయిందని సక్షన్ కప్పు అంటించి లాగారా, లెన్సుతోపాటు కార్నియా పైపొర కూడా లేచే ప్రమాదం ఉంది.

ముందు ఒక్కో కంట్లో రెండు చుక్కలు వేయండి. ఐదు నిమిషాలు ఆగండి, ఈలోగా పళ్లు తోముకోవచ్చు. చేతులు మళ్లీ కడుక్కుని, అద్దంలో చూస్తూ రెప్ప కొట్టండి. కొట్టిన ప్రతిసారీ లెన్సు అంచు కాస్త పైకీ కిందికీ జారాలి. జారుతుంటే సరే. బొమ్మలా కదలకుండా ఉందంటే, ముట్టుకోవద్దు. మళ్లీ చుక్కలు వేయండి. పైకి చూస్తూ, లెన్సు కింది అంచుకు దిగువన, కింది రెప్ప మీదుగా తెల్లగుడ్డును వేలితో మెల్లగా నొక్కి వదలండి. తర్వాత కిందికి చూస్తూ పై రెప్ప మీదుగా అలాగే. అంచు కిందికి నీరు దూరి పట్టు వదులుతుంది. ఎంతకీ కదలకపోతే డాక్టరుకి ఫోన్ చేయండి, బలం చూపించకండి.

కదిలాక, నా లెక్కలో రెప్పలతో తీయడమే పద్ధతి. కన్ను బాగా తెరిచి, రెండు రెప్పల అంచులూ లెన్సు అంచులకు ఆనేలా పట్టుకుని, కింది రెప్పను లెన్సు కిందికి తోస్తే అదే ఊడి వస్తుంది. సక్షన్ కప్పు సులువంటారు, నిజమే. కానీ లెన్సు రాత్రే దిండు మీద పడిపోయి ఉంటే ఆ కప్పు వెళ్లి నేరుగా కార్నియాకే అతుక్కుంటుంది. అదే వాడతానంటే ముందు లెన్సు అంచు గుండ్రంగా కనిపిస్తోందో లేదో చూడండి. కప్పును సొల్యూషన్‌తో తడిపి, నడిమధ్యన కాకుండా కింది అంచు దగ్గర ఆనించి, ఒక పక్క నుంచి ఎత్తండి. తిన్నగా ముందుకి లాగకండి.

తీసిన లెన్సును అరచేతిలో సొల్యూషన్‌తో రుద్ది డబ్బాలో వేయండి. కుళాయి నీళ్లు లెన్సుకీ డబ్బాకీ ససేమిరా తగలకూడదు. ఫిల్టర్ నీళ్లు కూడా వద్దు. అకాంథమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలో ఉంటుంది, అది కార్నియాకి పడితే చూపే పోవచ్చు. పాత సొల్యూషన్‌లో కొత్తది కలపకండి. డబ్బాను మూడు నెలలకోసారి పారేయండి.

కన్ను ఎర్రబడినా, నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా ఆ రాత్రి లెన్సులు పెట్టకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు లెన్సులూ డబ్బా కూడా పట్టుకెళ్లండి.