ఏరో బార్ బిగించేటప్పుడు ముందు మోచేతులు చూసుకోండి

టైమ్ ట్రయల్ (ఒక్కరే గడియారంతో పోటీపడే రేసు) సైకిల్‌కి ఏరో బార్, అంటే గాలి తక్కువ తగిలేలా ముందుకు వంగి మోచేతులు ఆనించి పట్టుకునే బార్, పెట్టగానే చాలామంది హ్యాండిల్‌ని వీలైనంత కిందకి దించేస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు మోచేతులు ఆనించే ప్యాడ్లు సరిచూసుకోండి. మోచేయి ఎముక మొన ప్యాడ్ మీద ఆనకూడదు, దానికి కాస్త ముందున్న కండ ఆనాలి. లేకపోతే విశాఖలో ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు చేరేలోపే చేతులు తిమ్మిరెక్కుతాయి. ఎవరితోనైనా పక్కనుంచి ఫోటో తీయించుకోండి. పైచేయికీ మొండేనికీ మధ్య కోణం 90 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటే భుజాలకు హాయి. మెడ నొప్పి పుడితే ప్యాడ్ల ఎత్తు పెంచండి. ఒకసారికి 5 మిల్లీమీటర్లే మార్చి, రెండు మూడు రైడ్లు తొక్కి చూడండి.

బోల్టులు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) తోనే, బార్ మీద రాసి ఉన్న అంకె దాటకుండా బిగించండి. కార్బన్ అయితే మరీ జాగ్రత్త.

మన దగ్గర ఇంకొకటుంది, ఉప్పుగాలి. ఒక్క వేసవిలోనే నా ప్యాడ్ల కింద బోల్టు తలలు ఎర్రగా తుప్పు పట్టాయి. చెమట కూడా అక్కడికే కారుతుంది. అప్పుడప్పుడూ ప్యాడ్లు ఊడదీసి తడిగుడ్డతో తుడిచి, ఆరాక మరలకు కాస్త గ్రీజు రాయండి.

బ్రేకులు బేస్ బార్ (పక్కలకు ఉండే అసలు హ్యాండిల్) మీదే ఉంటాయి కదా, ఏరో బార్ పట్టుకున్నప్పుడు చేతికి అందవు. అందుకే కొత్త సెటప్‌తో మొదటి రైడ్ భీమిలి రోడ్డులో తెల్లవారుజామున, గాలి లేనప్పుడు పెట్టుకోండి.